ఓడ దిగని చీవరం

సిరిమిత్రుడికి కంటిమీద కునుకు లేదు. ఆ చిన్న దీవిలో రేవు సుంకాల పెత్తనం అతనిదే. ఓడల్లో దిగే చవక బట్టకు అలవాటుపడి జనం నేతవీధి మొహం చూడటం మానేశారు. ఆ వీధిలోనే మగ్గం నేసి అతణ్ని పెంచి పెద్దచేసిన అక్క కుముద ఉంటుంది. తమ్ముణ్ని ఆమె ఏమీ అడగదు. ఆ అడగకపోవడమే అతణ్ని లోలోపల తినేస్తోంది.

చివరికి, ఓడ దిగే ప్రతి సరుకు మీదా సుంకం మూడింతలు చెయ్యాలని తీర్మానించుకున్నాడు. రాజుగారు నీ ఇష్టమన్నారు. ఇక గురువు రేవత భిక్షువు దీవెనే తరువాయి.

వానాకాలపు దీక్ష ముగిసింది. మర్నాడే గురువు కట్టుకునేందుకు కొత్త చీవరం సమర్పించే పండుగ. దూది వడికి, నేసి, కుట్టి, రంగు వెయ్యడం దాకా అంతా ఆ ఒక్క రోజులోనే కావాలి. సిరిమిత్రుడు గురువు ఉండే కొండ ఎక్కి, తన ఆలోచన చెప్పి, కాస్త గర్వంగానే అన్నాడు.

"ఈసారి మీ చీవరంలో ఓడ దిగిన పోగు ఒక్కటి కూడా ఉండదు, భంతే."

గురువు చిరునవ్వు నవ్వి, అలాగే కానిమ్మన్నాడు.

తెల్లవారి కుముద మగ్గం ముందు కూర్చుంటే చేతికి నూలు అందలేదు; వడకడానికి దూదే లేదు. ఆ తడినేలలో పత్తి పండదు. ఊళ్లో వడికే దూదంతా ఓడల్లో వచ్చేదే. ఆ మగ్గం పెట్టిన అన్నం తిని పెరిగినవాడికి ఓడల మీది కోపంలో ఆ సంగతే తట్టలేదు. మాట ఇచ్చాడు గనక పెరళ్లన్నీ గాలించాడు. నాలుగు పత్తి మొక్కలు కనిపించాయి. సాయంత్రానికి చేతిరుమాలంత గుడ్డ తయారైంది.

దాన్ని పట్టుకుని సిగ్గుతో తల వంచుకుని కొండెక్కాడు. గురువు చినిగిన పాత చీవరంలో చలికి ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆ గుడ్డను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, భుజం మీది చిరుగు మీద పరుచుకున్నాడు. వేలితో మెల్లగా నిమిరాడు.

"ఇంత సన్నటి నేత ఏ ఓడలోనూ రాదు," అన్నాడు.

సిరిమిత్రుడు ఆయన పాదాల దగ్గర కూలబడి ఏడ్చాడు. ముసలాయన అతని తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నాకు చలి అలవాటే నాయనా. ఆ మగ్గాన్ని మాత్రం పస్తు పెట్టకు."