వజ్రాల తలుపు

రత్నగిరి రాజుగారికి కథల పిచ్చి. ఏటా కథకులందర్నీ కోటకు పిలిచి, పొద్దు వాలేలోగా విన్నవాటిలో తనకు నచ్చిన కథను తాటాకుల మీద రాయించేవాడు. రివాజు ఒక్కటే: ఊ కొట్టేవాళ్లు ఉన్నంతసేపూ చెప్పేవాణ్ణి ఆపకూడదు. కారణం లేకుండా ఊ మానేసినవాళ్లను మళ్లీ కోట గుమ్మం తొక్కనివ్వరు.

ఆ ఏడు ఆస్థాన కథకుడు విరూపాక్షభట్టు పొద్దున్నే మొదలుపెట్టాడు. ఊ కొట్టే పని చింతపండు అమ్మే సింగారమ్మకు పడింది. తర్వాత కథ చెప్పే వంతు ఆమెదే. మధ్యాహ్నం దాటినా భట్టు తను కల్పించిన నగరానికి కొండలు, కాలవలు, గోపురాలు పేరుస్తూనే ఉన్నాడు. కథలోకి మనిషన్నవాడు ఒక్కడూ రాలేదు. సింగారమ్మ గొంతు ఎండిపోయింది.

"ఆ నగరానికి వజ్రాల తలుపు. ఏడాదికి ఒక్కనాడే తెరుచుకుంటుంది. తక్కిన రోజుల్లో చీమ దూరే సందు కూడా ఉండదు," అన్నాడు భట్టు.

"ఊ. ఇవాళ ఆ రోజేనా స్వామీ?"

"ఇంకా ఆరు నెలలుంది. ఇక లోపలి వీధుల సంగతి విను."

సింగారమ్మ నోరు మెదపలేదు.

"ఊ కొట్టవేం?"

"నేను తలుపు బయటే ఉండిపోయాను కదా స్వామీ. లోపలి మాటలు నాకెలా వినబడతాయి?"

"కట్టింది నేనే. ఇప్పుడే తెరుస్తాను."

"అయితే ఏడాదికోసారి అన్నది ఉత్తమాటేనా?"

రాజుగారు నవ్వాపుకుంటూ, "తలుపు తెరుచుకున్నాక కబురు చెయ్యండి భట్టుగారూ. అందాకా ఈమె కథకు మీరు ఊ కొట్టండి," అన్నాడు.

సింగారమ్మ మంచినీళ్లు తాగి, "అనగనగా ఒక ఆకలిగొన్న దొంగ," అంది.

భట్టు మొహం ముడుచుకుని ఊ కొట్టాడు. కాసేపటికి ఊ మరిచిపోయి, "తర్వాత?" అన్నాడు.