కాడ తెంపుకున్న ఈకచుక్క

ఒకప్పుడు ఈకచుక్కలనే సముద్రప్రాణులకు ఈత వచ్చేది కాదు. సముద్రం అడుగున, చీకటి నీళ్ళలో, పువ్వుల్లా కాడల మీద వరసగా నిలబడి ఉండేవి. ఒక్కొక్కదానికి పక్షి ఈకల్లాంటి చేతులు ఐదే. వాటిని చాచి, కొట్టుకొచ్చే నలుసులు పట్టుకుని తినేవి. కళ్ళు లేవు. పక్కవాళ్ళ మాటే తోడు.

ఆ వరసలో అన్నిటికన్నా చివర తూలిక ఉండేది. దాని పక్కనే వాళ్ళక్క పింఛి.

ఒకరోజు అవతలి కొస నుంచి చప్పుడు వినబడింది. కర్... కర్... కర్...

"అక్కా, ఏమిటే అది?"

"ముళ్ళబంతి," అంది పింఛి మెల్లగా. "ఒళ్ళంతా ముళ్ళు, కింద ఐదు పళ్ళు. నత్తలా నడుస్తుంది."

"అంత నెమ్మదైతే భయమెందుకు?"

"మనం అసలు నడవలేం కదే!"

కర్... చప్పుడు ఆగింది. వరసలో ఒక గొంతు తక్కువైంది. మళ్ళీ కర్... ఇంకో గొంతు. ఎవరూ అరవలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతున్నారు, అంతే.

"తూలికా, నీ కాడ ఇంకా లేత. తెంపుకుని పో," అంది పింఛి.

"తెగితే చచ్చిపోతానేమో!"

"ఇక్కడుంటే మాత్రం? నా కాడ రాయిలా ముదిరిపోయింది. నువ్వన్నా పో. చేతులు ఆడించు. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి..."

పింఛి గొంతు ఆగిపోయింది.

తూలిక ఒళ్ళంతా మెలితిప్పింది. పుటుక్కున కాడ తెగింది. ప్రాణం పోలేదు! చేతులు ఆడిస్తూ పైకి లేచింది. అంతలో ఒక చెయ్యి ముళ్ళలో ఇరుక్కుంది.

"ఎక్కడికే చిన్నదానా? నాకేం తొందర లేదు," అంది ముళ్ళబంతి, నములుతూనే.

"నాకుంది!" అని తూలిక ఆ చేతిని తెంచుకుని అక్కడే వదిలేసింది.

తెగిన చెయ్యి ఇసుకలో గిలగిలా కొట్టుకుంది. అదే తూలిక అనుకుని ముళ్ళబంతి దానిమీద కూర్చుంది.

తూలిక ఎత్తైన బండ చేరింది. కాడ తెగిన చోట, బండను పట్టుకునేందుకు గోళ్ళలాంటి సన్నని కాళ్ళు మొలిచాయి. పోయిన చేతి చోట రెండు చేతులొచ్చాయి.

"అక్కా!" అని పిలిచింది.

కింద తలల్లేని కాడలు నీళ్ళతో పాటు ఊగుతున్నాయి. ఒక్కటీ పలకలేదు.

అప్పటినుంచే ఈకచుక్క పిల్లలు కాడ మీద పెరిగినా, కాస్త ఎదగగానే దాన్ని తెంపుకుని ఈదిపోతాయి. ఎవరైనా పట్టుకుంటే, చేతిని వాళ్ళకే వదిలేసి, కొత్తవి మొలిపించుకుంటాయి.