ఆ ‘పర్లేదు’ తర్వాత

చెప్పులు తొడుక్కుంటూ, నేనింకా ఏమీ అడక్కముందే, ఆయన "పర్లేదమ్మా" అన్నారు. సరిగ్గా అక్కడే నాకు గుబులు మొదలైంది. అడక్కుండా జవాబు రావడమేంటి?

ఆయన పేరు పోలినాయుడు అనుకుందాం. పేరు మార్చాను గానీ, ఇది రాయమన్నది ఆయనే. విజయనగరం వైపు బస్సు కండక్టరు. డిప్రెషన్ అని డాక్టరుగారు మాత్రలు రాసి, వాటితో పాటు కౌన్సెలింగ్ కూడా తీసుకోమని మా సెంటర్‌కి పంపారు. నేను సైకాలజీలో పీజీ చేసి అక్కడ పని నేర్చుకుంటున్నాను. ఆయన వచ్చినప్పుడల్లా ఎలా ఉన్నారని అడిగేదాన్ని. పర్లేదు అనేవారు. నిద్ర పడుతోందా అంటే పర్లేదు. ఆకలేస్తోందా అంటే పర్లేదు. మెల్లగా కోలుకుంటున్నారనే అనుకున్నాను. ఆ రోజు మాత్రం, ఇంక రానక్కర్లేదు అనుకుంటున్నానమ్మా, మాత్రలు కూడా చాలించేస్తాను, మీకెందుకు శ్రమ అని దండం పెట్టి లేచారు. నేనూ వెనకే లేచాను. గుమ్మం దగ్గర ఆ ‘పర్లేదమ్మా’ అని మెట్లు దిగిపోయారు. వెనకనుంచి చూస్తే నయమై వెళ్తున్న మనిషిలా లేరు.

సెంటర్‌లో నాకు పని నేర్పే మా రాజ్యలక్ష్మి మేడంకి ఒక అలవాటుంది. ఆవిణ్ణి ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అది తెలిసి కూడా వెళ్ళి అడిగాను. అసలు మాటలతో ఈ జబ్బు తగ్గుతుందా మేడం, ఇన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాను, ఆయనకి ఏమీ కాలేదు, ఇప్పుడు ఆ మాత్రలు కూడా మానేస్తానంటున్నారు, వెళ్ళిపోయారు అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ ముందు ఆయనకి ఫోన్ చెయ్యమన్నారు. మోగింది, ఎత్తలేదు. మధ్యాహ్నం డ్యూటీ కదా, బస్సులో ఉంటారు, దిగాక మళ్ళీ చేద్దాం అన్నారు. తర్వాత, "పైకి పద ప్రసూనా, విస్తర్లు వేశారు," అన్నారు.

మా సెంటర్ పై వాటాలో ఇంటివాళ్ళుంటారు. ఆ రోజు వాళ్ళ మనవరాలికి అన్నప్రాసన. డాబా మీద బంతి కూర్చుంది. నాకు ముద్ద దిగదని తెలిసి కూడా మేడం నన్ను కూర్చోబెట్టి, తను కొంగు దోపి వడ్డించేవాళ్ళలో కలిశారు. నా ఎదురు వరసలో చివర ఇంటాయన పెద్దన్నయ్య జోగారావుగారు కూర్చున్నారు. పనసపొట్టు కూర వచ్చింది, వెయ్యమంటారా అని అడిగారు, ఆయన పర్లేదు అన్నారు. గారెలు వచ్చాయి, పర్లేదు. అప్పడాలకీ అదే మాట, చెయ్యి అడ్డం పెట్టి, మొహం నిండా నవ్వుతో. మర్యాదగా అడుగుతున్నారు, మర్యాదగా వద్దంటున్నారు, బకెట్లు ముందుకెళ్ళిపోతున్నాయి. ఆయన విస్తట్లో తెల్లటి అన్నం తప్ప ఇంకేమీ లేదు. అందరూ చూస్తూనే ఉన్నారు. నేనూ చూశాను. పెద్దాయన, తక్కువ తింటారేమో అనుకున్నాను.

మేడం పులుసు బకెట్‌తో అక్కడిదాకా వచ్చారు. వెయ్యనా అని అడగలేదు. బకెట్ కింద పెట్టి, ఆయన పక్కన చాప మీద కూర్చున్నారు. వెనకాల అన్నం కోసం ఎవరో కేకేస్తున్నా లేవలేదు. కాసేపటికి మెల్లగా అడిగారు.

"ఏది కష్టంగా ఉంది బాబాయ్?"

ఆయన అటూ ఇటూ చూశారు. ఎండ ఎక్కువుందన్నారు. ఏర్పాట్లు బ్రహ్మాండం అన్నారు. మేడం అన్నిటికీ తలూపుతూ అలాగే కూర్చున్నారు. అప్పుడు ఆయన గొంతు తగ్గించి చెప్పారు. కొత్తగా కట్టించుకున్న పళ్ళు చిగుళ్ళని కోసేస్తున్నాయట, పొద్దున్నించి ఏదీ నమలలేకపోతున్నారట. పండగ పూట ఆ గోల ఎవరికి చెప్పుకోవాలి అన్నారు.

"ఇవాళ పండగ చేసుకుంటున్న పిల్లకి మాత్రం పళ్ళున్నాయా బాబాయ్," అన్నారు మేడం.

జోగారావుగారు పొట్టపట్టుకుని నవ్వారు. ఆ పళ్ళ సెట్టు తీసి రుమాల్లో చుట్టుకున్నారు. మేడం ముద్దపప్పు, నెయ్యి తెప్పించి అన్నంలో మెత్తగా కలిపి ఇచ్చారు. తర్వాత చారు పోశారు. ఆయన ఎంత ఆకలి మీదున్నారో అప్పుడు తెలిసింది మా అందరికీ.

కిందికి దిగుతున్నప్పుడు, ఇంకా నా ప్రశ్నకి జవాబు చెప్పలేదని గుర్తు చేశాను. మేడం మెట్ల మీద నిలబడి, "అందరూ అడిగారమ్మా. ఒక్కరూ ఆగలేదు," అన్నారు.

సాయంత్రం పోలినాయుడుగారు ఫోన్ ఎత్తారు. ఎప్పట్లాగే పర్లేదు అన్నారు. ఈసారి నేను సరేనని పెట్టెయ్యలేదు. అవతల బస్టాండు గోల వినిపిస్తోంది, ఎవరో ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు. ఫోన్ చెవికి ఆనించుకుని ఆ గోలే వింటూ ఆగాను. తర్వాత, ఏది కష్టంగా ఉందండీ అని మాత్రం అడిగాను. లైను కట్టయిందేమో అనుకుంటుండగా, "రేపొద్దున్న రానా అమ్మా," అన్నారు.

వచ్చారు. మేడం కూడా కూర్చున్నారు. పొద్దున్న మంచం మీంచి లేవాలంటేనే ఏదో బరువు కూర్చున్నట్టుంటోందన్నారు. బస్సులో టికెట్లిస్తూ జనం చేతులే చూస్తున్నారట, మొహాలు చూడలేకపోతున్నారట. ఇంట్లో చెబితే భార్య బెంగపెట్టుకుంటుందట, డిపోలో చెబితే పిచ్చోడంటారట. మేడం అంతా విని, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగా అడిగేశారు. లేని ఆలోచన మనమే పెట్టేస్తున్నామేమోనని నేను మేడం వైపు చూశాను. ఆయన మాత్రం, అనిపిస్తాదమ్మా అని చెప్పి, నెత్తి మీద మూట ఎవరో అందుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన సరేనన్నాకే భార్యని పిలిపించాం. ఆవిడ కోప్పడలేదు, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. అదే రోజు డాక్టరుగారి దగ్గరికి పంపితే ఆయన మందు మార్చారు.

ఆ తర్వాత మేము చేసినవన్నీ చిన్న పనులు. మానేసిన వాటిలో ముందు ఏది మొదలుపెట్టగలరని అడిగితే, చివరి స్టాపులో దిగి డ్రైవరుతో టీ తాగడం అన్నారు. అది మొదలుపెట్టారు. కొన్నాళ్ళు తాగారు, కొన్నాళ్ళు దిగలేకపోయారు. దిగలేని రోజు, నేనెందుకూ పనికిరాను అనుకుంటారట. అదే మాట ఆ డ్రైవరు గురించి ఎవరైనా అంటే ఒప్పుకుంటారా అని అడిగాను. వాడినంటే నేనూరుకుంటానా అన్నారు. అని, తనే ఆలోచనలో పడ్డారు. కొన్ని వారాలు ఇంతకంటే ఏమీ జరగలేదు. మధ్యలో ఒకసారి మళ్ళీ బాగా కుంగిపోయారు. కానీ రావడం మానలేదు.

పోయిన మంగళవారం వస్తూనే ఒక సంగతి చెప్పారు. బస్సులో ఒక ముసలావిడ బుట్టలో కోడిపెట్టని పెట్టుకుని ఎక్కిందట. కోడికి టికెట్ తియ్యాలి మామ్మా అంటే, ఆడోళ్ళకి ఫ్రీ కదా బాబూ, ఇదీ ఆడదే అందట. బస్సంతా గొల్లున నవ్విందట.

"నాకూ నవ్వొచ్చీసిందమ్మా," అన్నారు. "ఆవిడ మొహం చూసి నవ్వీసాను. కాసేపటికి భయమేసింది. ఇదీ పోతాదేమో అని."

పోదు అని చెబితే అబద్ధమవుతుందేమో. పోవచ్చు అని ఎలా చెప్తాను? అలాగే కూర్చున్నాను, ఆయనా కూర్చున్నారు. వెళ్తూ, ఈ భయం నాకొక్కడికేనా అమ్మా, ఎవరినైనా అడిగి చూడు, కావాలంటే నా కథ రాసి అడుగు అన్నారు.

మేడం దగ్గరికి పరిగెత్తాను. నేనేమీ చెప్పలేకపోయానని, ఏదైనా మంచి మాట ఉంటే చెప్పమని బతిమాలాను. ఆయన మధ్యలో లేచి వెళ్ళిపోయారా అని అడిగారు. లేదు, చివరిదాకా ఉన్నారు, మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని ఆయనే అడిగారు అన్నాను. మేడం కళ్ళజోడు తుడుచుకుంటూ, "భయాన్ని ఇంట్లో దాచుకోలేదుగా. ఇక్కడికి తెచ్చారుగా," అన్నారు.

మళ్ళీ మంగళవారం ఆయన వస్తారు. మీలో ఎవరైనా ఆ చీకట్లోంచి నడిచి వచ్చినవాళ్ళుంటే చెప్పండి. మొదటిసారి నవ్వొచ్చాక పట్టుకునే ఆ భయం ముందు, ఎదురుగా కూర్చున్నదాన్ని, నేనిప్పుడు ఏం చెయ్యాలి?