అసిరమ్మ దాచిన కోటు

“రోగులు మనతో అబద్ధాలెందుకు చెబుతారు మాస్టారూ?” అని హైమవతి అడిగింది. డాక్టర్ భీమశంకరం గారు చెప్పులేసుకుని బయల్దేరారు. ఎవరేమడిగినా అలా లేచి వెళ్లడం ఆయన అలవాటు. శిష్యురాలికి ఒళ్లు మండేది, అయినా వెనకాలే వెళ్లేది.

వాళ్లు వైద్యం చేస్తున్నది రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూన్ నుంచి, ఓడలో వచ్చినవాళ్ల శిబిరంలో. అక్కడ అసిరమ్మ అనే ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు నూకాలుకు జ్వరం వస్తే హైమవతి మలేరియా మందిచ్చింది. ఐదోరోజుకు తగ్గింది. తన హస్తవాసి గొప్పదని మురిసిపోయింది. వారం తిరక్కుండా జ్వరం మళ్లీ వచ్చి పిల్లను పీల్చి పిప్పి చేసింది. అప్పుడు తట్టింది, ఇది పేల వల్ల వచ్చే, తగ్గి మళ్లీ తిరగబెట్టే జ్వరమేమోనని. తల వెతికింది, ఒళ్లు వెతికింది, ఒక్కటీ లేదు. ఉండవు మరి. ఓడ దిగగానే అందరికీ స్నానాలు చేయించి, కొత్త బట్టలిచ్చి, పాతవన్నీ కుప్పపోసి తగలబెట్టారు. “పాతవేమైనా మిగిలాయా?” అని మూడుసార్లు గద్దించింది. అసిరమ్మ తల దించుకుని “నేదమ్మా” అంది. అది అబద్ధమని చిన్నపిల్లలక్కూడా తెలిసిపోతుంది.

భీమశంకరం గారు వెళ్లి అసిరమ్మ చాప మీదే ఓ పక్కన కూర్చున్నారు. తన చొక్కా కాలరు తిరగేసి చూపించారు.

“యుద్ధం రోజుల్లో ఈ కుట్ల వెంట చీరపేలు ఏరుకుంటూ కూర్చునేవాణ్ణమ్మా. ఒంటిమీద కనబడవు, బట్టల్లోనే కాపురం. నీళ్లలో మరిగిస్తే చస్తాయి. బట్టకేం కాదు.”

అసిరమ్మ చెయ్యి చాప అంచు మీదికి వెళ్లింది.

“కాల్చీరు గదా బాబూ?”

“కాల్చను. మరిగించి, ఆరబెట్టి, నా చేత్తో నీకిస్తాను.”

చాప కిందనుంచి ఒక మగవాడి కోటు బయటికొచ్చింది. మొగుడు ఓడలోనే పోతే సముద్రంలో వదిలేశారు. అతని తాలూకు మిగిలింది అదొక్కటే. కూతురు చలికి వణికినప్పుడల్లా దాన్నే కప్పుతోంది. కుట్లు విప్పితే లోపల పేలు బారులు తీరి ఉన్నాయి. హైమవతి గబగబా సూది, గాజుపలక తెచ్చింది.

జ్వరం మీదుండగానే పిల్ల నెత్తురు చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, మెలికలు తిరిగిన సన్నటి క్రిములు కదులుతున్నాయి. సరైన మందు పడింది. మూడోనాటికి నూకాలు లేచి కూర్చుని గంజి అడిగింది.

మరిగించిన కోటు తాడు మీద ఆరుతోంది. హైమవతి ఊరుకోలేకపోయింది.

“ఆవిడ నిజం చెప్పి ఉంటే ముందే తేలిపోయేది కదా మాస్టారూ!”

ఆయన కోటు జేబు తిరగేసి ఎండకు పెట్టారు.

“మిగిలాయా అని మూడుసార్లు అడిగావు. మిగిలితే ఏం చేస్తావో ఒక్కసారైనా చెప్పావా అమ్మాయ్?”