ఆరో తరగతి పంతులమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, తెల్లారేసరికి ఇంటింటా మగ్గాలు టకటకలాడే ఊళ్ళో, మార్కండేయులని ఒక నేతగాడు ఉండేవాడు. ఆయన భార్య రత్తమ్మ. వాళ్ళకి ఒక్కడే కొడుకు భావనారాయణ, అందరికీ భావన్న. పదో తరగతి చదువుతున్నాడు. మూతి మీద నూగుమీసం అప్పుడప్పుడే వస్తోంది. వాడు అద్దం ముందు నిలబడినంతసేపు పుస్తకం ముందు కూర్చుంటే ఈ కథే ఉండేది కాదు బుజ్జీ.

క్వార్టర్లీ పరీక్షలయ్యాయి. భావన్నకి లెక్కల్లో వందకి ఏడు మార్కులొచ్చాయి. నవ్వకు. నీకు రేపెన్నొస్తాయో చూద్దాం.

అప్పుడు మార్కండేయులు కేకలేశాడు. ఆ కేకలకి వీధి చివర మగ్గాలు కూడా ఆగిపోయాయి. భావన్న తల వంచుకుని నిలబడ్డాడు. లెక్కలు మాత్రం రాలేదు.

ఆ తర్వాత బాబాయి వచ్చాడు. పాసైతే గేర్ల సైకిలు కొనిపెడతానన్నాడు. భావన్న రెండు రోజులు పుస్తకం ముందు కదలకుండా కూర్చున్నాడు. సైకిలు గంట వినపడింది గానీ లెక్క అర్థం కాలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ వచ్చింది. జ్ఞాపకశక్తి పెరుగుతుందని సరస్వతి ఆకు పచ్చడి నూరి, పొద్దున్నే పరగడుపున ముద్దలు ముద్దలుగా తినిపించింది. వారం తిరిగేసరికి పిల్లాడికి అన్నం మీదే విరక్తి పుట్టింది. ఆవిడ మంచిదే, కానీ ఒకరి మాట వినే మనిషి కాదు.

అప్పుడు భావన్న, "నేను బడి మానేస్తాను నాన్నా, మగ్గం మీద కూర్చుంటాను" అన్నాడు.

మార్కండేయులు నేస్తున్న చెయ్యి ఆపేశాడు. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని ఆయన మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. కొడుకైనా కుర్చీలో కూర్చుని పనిచేయాలని ఆయన కోరిక. "అర్ధసంవత్సరం పరీక్షలదాకా ఆగు. అప్పటికీ తప్పితే నీ ఇష్టం" అన్నాడు. అంటే మూడు నెలలు కూడా లేవన్నమాట.

ఇక రత్తమ్మ సంగతి విను. ఆవిడ మూడో తరగతితో బడి మానేసింది. ఇంట్లో కండెలకి నూలు చుట్టేది, వంట చేసేది, ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకరోజు మగ్గం మీద చీర చూస్తే అందులో సన్నగా ఒక గీత కనిపించింది. పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఒక పోగు తెగింది. ఎవరూ చూసుకోలేదు. మార్కండేయులు అలాగే మూరెడు నేసేశాడు. పాపం, ఆయన మనసు కొడుకు మీద ఉంది మరి.

నేతవాళ్ళు అలాంటప్పుడు ఏంచేస్తారో తెలుసా? నేసిందంతా ఓపిగ్గా విప్పుకుంటూ వెనక్కి వెళతారు. పోగు ఎక్కడ తెగిందో అక్కడిదాకా వెళ్ళి, అక్కడ అతికి, మళ్ళీ మొదలుపెడతారు. రత్తమ్మ భర్త పక్కన కూర్చుని మూరెడూ విప్పించింది. విప్పుతూ విప్పుతూ చటుక్కున లేచింది.

ఇంటింటికీ తిరిగి పాత లెక్కల పుస్తకాలన్నీ అడిగి తెచ్చింది. కొడుకుని కూర్చోబెట్టి తొమ్మిదో తరగతిది తెరిచింది. "ఇది నీకు అర్థమైందా?" అంది. లేదన్నాడు. ఎనిమిదోది తెరిచింది. లేదన్నాడు. ఏడోదీ లేదన్నాడు. ఆరోది తెరిస్తే మొదటి పాఠాలన్నీ గడగడా చెప్పాడు. ఆవిడ పేజీలు తిప్పుతూ పోయింది. భిన్నాలు రాగానే ఠక్కున ఆగిపోయాడు.

అప్పుడు రత్తమ్మకి గుర్తొచ్చింది. ఆరో తరగతిలో వీడికి పచ్చకామెర్లొచ్చాయి. నెలన్నర బడికి పోలేదు. ఆ నెలన్నరా కారం, నూనె తగలనివ్వకుండా పథ్యం పెట్టి బతికించుకుంది. పిల్లాడు లేచి తిరిగితే చాలనుకుంది గానీ, పోయిన పాఠాల మాట ఆవిడకి తట్టలేదు. భావన్న కూడా ఎవర్నీ అడగలేదు.

"నాకు బుర్రలేదనుకున్నానమ్మా" అన్నాడు వాడు. నూగుమీసం పిల్లాడు, అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాడు. ఆవిడా ఏడ్చింది. ఏడవాల్సిందేగా, నాలుగేళ్ళ పాటు పిల్లాడు అలా అనుకుంటూ తిరిగితే.

కళ్ళు తుడుచుకుని మరి భిన్నాలు ఎవరు చెబుతారని చూస్తే, ఎదురింట్లో చంద్రకళ ఉంది. రెండు జడల పిల్ల. అదే బళ్ళో ఆరో తరగతి. భిన్నాలు ఆ నెలలోనే నేర్చుకుంది. పైగా తెలిసింది పదిమందికీ చెప్పందే దానికి నిద్రపట్టదు.

భావన్నకి సిగ్గు ముంచుకొచ్చింది. బడి పిల్లలెవరైనా చూస్తారని పెరటి దారిన వెళ్ళాడు. చంద్రకళ వాళ్ళమ్మ చేత రెండు అట్లు పోయించుకుని, పళ్ళెంలో పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

"సగమూ సగమూ కలిపితే ఎంత అన్నయ్యా?"

భావన్న పైన ఉన్న ఒకట్లు కలిపాడు, కింద ఉన్న రెళ్ళు కలిపాడు. "నాలుగింట రెండు" అన్నాడు.

"అంటే సగమేగా. ఈ అట్టులో సగం, ఆ అట్టులో సగం పెడితే మళ్ళీ సగం అట్టే అయిందా? మిగతాది పిల్లి తినిపోయిందా?"

భావన్న పళ్ళెంకేసి చూశాడు. మళ్ళీ చూశాడు. అప్పుడు వాడి మొహం వెలిగిపోయింది. నాలుగేళ్ళకి మొదటిసారి ఒక లెక్క వాడికి అర్థమైంది. ఆ సంతోషంలో పాఠం మొత్తం తినేశాడు.

అలా రోజూ వెళ్ళాడు. తప్పు చేస్తే ఆ పిల్ల నెత్తిమీద మొట్టికాయ వేసేది. అందదు కదా, వీడే వంగేవాడు. పదిహేను రోజుల్లో భిన్నాలు వచ్చేశాయి. ఆ తర్వాత ఏడో తరగతి పుస్తకం వాడే పట్టాడు. అడ్డుపడిన చోట లెక్కల మాస్టారి వెనకాల పడ్డాడు. ఆయన సైకిలెక్కినా వదల్లేదు. ఆ తర్వాత ఎనిమిది, ఆ తర్వాత తొమ్మిది. అద్దానికి దుమ్ము పట్టింది.

అర్ధసంవత్సరం పరీక్షలొచ్చాయి, అయిపోయాయి. హెడ్మాస్టారు స్వయంగా పదో తరగతిలోకి వచ్చి మార్కులు చదివారు. "భావనారాయణ, లెక్కలు, నలభై మూడు" అని చదివి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు. పాసు మార్కు ముప్ఫై అయిదేనాయె.

"ఏ మాస్టారి దగ్గర ట్యూషనుకెళ్ళావురా?" అని అడిగారు.

తరగతిలో నలభై మంది మగపిల్లలు. భావన్న చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒక పేరు చెప్పేస్తే పోయేది. వాడు మాత్రం "ఆరో తరగతి చంద్రకళ చెప్పిందండీ" అన్నాడు.

తరగతి తరగతంతా గొల్లుమంది. హెడ్మాస్టారు నవ్వలేదు. ఆ పిల్లని పిలిపించారు. ఏం తప్పు చేశానోనని బిక్కమొహం వేసుకుని వచ్చింది.

"వీడికి లెక్కలు చెప్పింది నువ్వేనా అమ్మా?"

"భిన్నాలవరకేనండీ. పైవన్నీ అన్నయ్యే నేర్చుకున్నాడు" అంది. తిట్టడంలేదని తెలిశాక ధైర్యమొచ్చి, బల్ల మీదున్న భావన్న జవాబు పేపరు తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. మొహం చిట్లించింది.

"ఈ లెక్క ఎందుకు వదిలేశావన్నయ్యా? ఇది నీకొచ్చుగా. సాయంత్రం అరుగు మీదకి వచ్చి కూర్చో."

అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి భావన్న కూడా నవ్వాడు. నలభై మంది ముందూ చేతులు కట్టుకుని నిలబడి, "అలాగే పంతులమ్మా" అన్నాడు. ఆ మాట విని చంద్రకళ రెండు జడలూ వెనక్కి విసురుకుని, నిజం పంతులమ్మలాగే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కథ కంచికి బండెక్కింది,
నిద్దర మనింటి గడపెక్కింది,
బుజ్జిగాడి తల దిండెక్కింది,
దుప్పటి అమ్మమ్మ భుజమెక్కింది.