మంగళం పాడని బొమ్మలాట

ముందే చెబుతున్నా, తర్వాత నన్నేమీ అనకండి. ఈ కథ మధ్యలో ఎవరూ లేవడానికి వీల్లేదు. నీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడే తాగి రండి. ఒంటికి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి రండి. వచ్చారా? అయితే వినండి.

మీ ముత్తాతకి ముత్తాత కూడా పుట్టకముందు, మణిగిరి పట్నాన్ని ధర్మకేతు అనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత చాలాకాలానికి పుట్టిన ఒక్క కూతురు. పెద్దవాడు జయకేతు, కత్తి తిప్పడంలో మొనగాడు. రెండోవాడు విజయకేతు, గుర్రమెక్కాడంటే వెనక దుమ్మే కనబడేది. మూడోవాడు చంద్రకేతుకి ఇవేవీ రావు. అయిదేళ్ళ చెల్లెలు కువలయని చంకనేసుకుని పాటలు పాడుకుంటూ తిరిగేవాడు. రాజు వాణ్ణి చూసి నెత్తి కొట్టుకునేవాడు.

ఒకనాడు కరాళుడనే తోలుబొమ్మలాటవాడు వచ్చాడు. వాడు మాయలమారి అని ఎవరికి తెలుసు? పట్టపగలే కొలువుకూటం కిటికీలన్నిటికీ నల్ల దుప్పట్లు కట్టించాడు. తెల్లటి తెర కట్టి, వెనక ఆముదం దీపం పెట్టాడు. ఈ ఆట పిల్లల కోసమే అన్నాడు. కువలయతో కలిపి పట్నంలోని పిల్లలు నూటముగ్గురూ వచ్చి తెర ముందు కూర్చున్నారు. ఆట పెట్టించినవాడు రాజు కాబట్టి ఆయనొక్కడూ వెనకాల సింహాసనం మీద కూర్చున్నాడు.

బొమ్మలాటకొక ఆచారముంది. కథ అయ్యాక మంగళం పాడాలి. ఆ దీపంతోనే హారతివ్వాలి. చూసినవాళ్ళు ఆ హారతి కళ్ళకద్దుకుని అప్పుడు లేవాలి. అంతవరకూ ఆట అయినట్టు కాదు, చూసినవాళ్ళు కూడా ఆ తెరలో ఉన్నట్టే.

కథ ముగిశాక కరాళుడు తెర పక్కనుంచి తల బయటపెట్టి, మంగళం పాడమంటారా వద్దంటారా అని అడిగాడు. ఎంత వినయంగా అడిగాడనుకున్నారు! రాజుకేమో ఆకలి. వంటశాల నుంచి గుత్తొంకాయ వాసన వస్తోంది.

"అక్కర్లేదులే, రేపు పాడుదువుగాని," అని రాజు లేచి వెళ్ళిపోయాడు. కడుపుకి బుద్ధెక్కడిది, అందులోనూ రాజుగారి కడుపు.

కరాళుడు తెర చుట్టుకుని పోయాడు. దానితోపాటు నూటముగ్గురు పిల్లల నీడలూ చుట్టుకుపోయాడు.

కిటికీలు తెరిచారు. పిల్లలు లేవలేదు. పిలిస్తే పలకలేదు, గిల్లితే ఏడవలేదు. తెర ఉన్న చోటుకేసే రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. ఎండలో కూర్చోబెడితే ఒక్కరికీ నేలమీద నీడ లేదు. రాణి పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలిపి కువలయ నోట్లో పెట్టింది. పెట్టిన ముద్ద సాయంత్రం దాకా బుగ్గలోనే ఉంది. నీడ లేని ఒళ్ళు మూడు నెలలకి మించి నిలవదని ముసలి వైద్యుడు చెప్పి, తన మనవడి పక్కన కూలబడ్డాడు. ఆ పట్నంలో ఆ రోజు ఏ పొయ్యీ వెలగలేదు. రాజు మాత్రం అన్నం తిన్నాడా అంటారా? ఆ పూట విస్తరి ముందు కూర్చున్నవాడు మళ్ళీ చెయ్యి కడుక్కున్నది లేదు, ముద్ద ఎత్తిందీ లేదు.

జయకేతు కత్తి తీసుకుని ఏడు సముద్రాలు దాటి కరాళుడి గుహకి వెళ్ళాడు. కత్తితో తెరని ఒక్క వేటు వేశాడు. తెర చిరిగి మళ్ళీ అతుక్కుంది. ఇక్కడ మణిగిరిలో నూటముగ్గురు పిల్లల ఒంటిమీదా కత్తిగాటు పడింది. జయకేతు తోలుబొమ్మ అయిపోయాడు.

ఒక నెల పోయింది. విజయకేతు ఏడు సముద్రాలు దాటి వెళ్ళాడు. దీపాన్ని ఉఫ్ అని ఊదాడు. దీపం రెపరెపలాడి మళ్ళీ నిలబడింది. ఇక్కడ పిల్లలందరి ఊపిరీ ఆగి, తల్లులు గుండెలు బాదుకున్నాక, మళ్ళీ వచ్చింది. విజయకేతు కూడా బొమ్మ అయిపోయాడు.

రెండో నెలా పోయింది. కువలయ చేతులు చీపురుపుల్లల్లా అయ్యాయి. చంద్రకేతు వెళతానంటే రాజు వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు.

చంద్రకేతు ఒడ్డున కూర్చుని ఏడుస్తూ పాడుతుంటే ఒక ముసలి తాబేలు విని, జాలిపడి, వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. గుహ బయట గుంజకి ఒక ముసలి మేక కట్టేసి ఉంది. అతను ముందుగా దాని కట్టు విప్పాడు.

"నా ముగ్గురు పిల్లల్నీ కోసి వాడు బొమ్మలు చేశాడు నాయనా," అంది మేక. "తెర మూలన వేలాడే చిలక బొమ్మ నా తొలిచూలు పిల్ల తోలు. వాడి ప్రాణం అందులో ఉంది. దాన్ని ఆ దీపంలోనే కాల్చాలి. కానీ ముందు నువ్వు మంగళం పాడి పిల్లల నీడల్ని విడిపించు, అది అయ్యేదాకా చిలకని ముట్టుకోకు. ముందే వాడు చస్తే తెర తగలబడిపోతుంది, పిల్లలూ పోతారు."

చంద్రకేతు సరేనన్నాడు. మేక అతని చెయ్యి నాకి, ఇంకొక మాట చెప్పింది. పాడేవాడు తెర వెనక ఉంటాడు కాబట్టి, తెర ముందు ఎవరో ఒకరు కూర్చుని హారతి అద్దుకోవాలి. లేకపోతే ఆ పాడినవాడు ఎప్పటికీ తెరలోనే ఉండిపోతాడు. అద్దుకోవడానికి ఎవరున్నారని అతనడిగితే ఎవరూ లేరంది మేక. తర్వాత, నేను కరాళుణ్ణి కొండ చుట్టూ తిప్పుతాను, నువ్వు పాడుకో అని చెప్పి, కుంటుకుంటూ పరుగెత్తింది. గుహలో ఉన్న కరాళుడు చేతిలో బొమ్మ కింద పడేసి, కత్తి పట్టుకుని దాని వెనకాల పడ్డాడు.

చంద్రకేతు తెర వెనక దీపం ముందు కూర్చున్నాడు. ప్రమిదలో ఆముదం అడుగంటి ఉంది. అతను మొదటి చరణం పాడాడు. చిన్నపిల్లల నీడలు ఒక్కొక్కటే తెర దిగి వెళ్ళిపోయాయి. వాటిలో ఒకటి వెళ్ళబోతూ ఆగి, చేతులు చాచి, ఎత్తుకో అన్నట్టు నిలబడింది. అది కువలయ. చంద్రకేతు పాట ఆపలేదు. నీడ వెళ్ళిపోయింది.

అయ్యో, అక్కడితో లేచి వచ్చేయొచ్చు కదా! చెల్లెలు బతికింది కదా! నేనైతే వచ్చేద్దును. అతను రాలేదు. రెండో చరణం పాడాడు, పెద్దపిల్లల నీడలన్నీ వెళ్ళిపోయాయి. మూడో చరణం ఎత్తుకునేసరికి కరాళుడు వచ్చి వెనకనుంచి గొంతు పట్టుకున్నాడు. చంద్రకేతు ఆ పిసుకుడులోనే కీచుగొంతుతో చివరి ముక్క దాకా పాడి, చిలకని మూలనుంచి లాగి దీపంలో పడేశాడు. చిలక కాలింది. కరాళుడు నిలబడ్డచోటే బూడిదైపోయాడు.

జయకేతు, విజయకేతు మళ్ళీ మనుషులై తెర ముందు పడ్డారు. గుహ గోడలు బీటలిస్తున్నాయి. దీపంలో ఇంకొక్క చుక్క ఆముదం ఉంది.

"అన్నా, లేవకండి! హారతి అద్దుకునేదాకా కూర్చోండి," అని తెర వెనకనుంచి చంద్రకేతు అరిచాడు.

రెండు ఊపిర్లు కూర్చుంటే చాలు. వాళ్ళు కూర్చోలేదు. ఒకడి వెనక ఒకడు బయటికి పరుగెత్తారు. దీపం ఆరిపోయింది.

వాళ్ళని తిట్టుకోకండి. తండ్రి ఆకలికి లేచాడు, కొడుకులు భయానికి లేచారు.

ఇంటికొచ్చి, తమ్ముడు వెనకాల వస్తున్నాడని చెప్పారు. ఏడాది తర్వాతా అదే చెప్పారు. పట్నంలో ప్రతి ఇంట్లో పిల్లలు అన్నం తింటున్నారు, అల్లరి చేస్తున్నారు, తల్లులు ఆనందానికి ఏడుస్తున్నారు. కువలయ మాత్రం వీధిగుమ్మంలో కూర్చుని, చిన్నన్న ఏడని అడిగేది. ఒకరోజు ఆ ముసలి మేక తాబేలు వీపు మీద వచ్చి, నోటితో తెచ్చిన తెరని ఆ పిల్ల ఒళ్ళో పెట్టి, జరిగినదంతా చెప్పింది.

తెర కట్టి వెనక దీపం పెడితే, చంద్రకేతు నీడ వచ్చి నిలబడేది. పెదవులు కదిలేవి, పాట వినబడేది కాదు. ఎన్ని హారతులిచ్చినా ఏం లాభం? ఆ దీపం ఆరిపోయింది. ఆరిన దీపానికి హారతి ఎక్కడిది?

కువలయ పెద్దదైంది, పెళ్ళి చేసుకుంది, అబద్ధమాడిన అన్నలకి దక్కని రాజ్యాన్ని యాభై ఏళ్ళు ఏలింది. రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు వెళ్ళి ఆ తెర ముందు కూర్చునేది. ఆమె జుట్టు నెరిసింది, పళ్ళు ఊడాయి. తెరమీద అన్న ఇరవై ఏళ్ళ కుర్రాడిలాగే ఉన్నాడు. దీపంలో చమురైపోయి నీడ తనంతట తను పోయేదాకా, ఆమె ఒక్కరోజు కూడా ముందు లేవలేదు.

ఇంతే కథ. ఏడవకండర్రా. ఇక లేవచ్చు, తోసుకోకండి. చిన్నవాళ్ళు ముందు లేవండి, తర్వాత పెద్దవాళ్ళు. చెప్పినదాన్ని, నేను ఆఖర్న లేస్తాను. ఒక్కరు మాత్రం నాకోసం ఇక్కడే కూర్చోండి.