ఆషాఢంల తెరిచిన గది

అనగనగ ఒక పట్నం, బిడ్డా. ఆ పట్నంల ఒక సందు, ఆ సందు మూలకు ఒక ఇస్త్రీ బండి. ఆ బండి రాజలింగుది. ఆయన బట్టలు ఇస్త్రీ చేస్తుండె. ఆయన భార్య నీలవ్వ చంటిదాన్ని సంకల ఏసుకొని ఇంటింటికి పోయి బట్టలు తెస్తుండె. కాళ్లు చాపుకో, నా దుప్పటి గుంజకు.

వాళ్లది రేకుల ఇల్లు, కిరాయిది. ఒకనాడు ఇంటాయన వచ్చి, ఇది కూలగొట్టి అంతస్తులు కడుతున్న, సోమవారం కల్లా ఖాళీ చెయ్యమన్నడు. దూరం పోతే గదులు అగ్గువకే దొరుకుతయి. గని బట్టలిచ్చేటోళ్లంత ఈ సందులనే ఉండిరి. సందు ఇడిసిపెడితే కూడు ఇడిసిపెట్టినట్టే. నీలవ్వకు ఆ దినం అన్నం సయించలే.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అంటరు. ఆ మాట అన్నోళ్లు పట్నంల కిరాయి ఇంటికోసం తిరిగి ఉండరు. తిరిగి ఉంటే మూడోది గూడ కలుపుదురు.

అప్పుడు మొగడు పెండ్లాం ఒక మేడ కాడికి పోయిండ్రు. పైన ఒక్కటే గది, నిలబడితే తల తాకుతది. ఇంటామె కిరాయి చెప్పింది. మేడంతటికా అమ్మా అని రాజలింగు అడిగిండు. ఆమెకు కోపమొచ్చి తలుపేసుకున్నది.

ఆ తర్వాత పాల దుకాణం పక్కన ఇంకో గది దొరికింది. కిరాయి వీళ్లకు అందేటట్టే ఉన్నది, ఇంటాయన గూడ సరేనన్నడు. ఇంకేంది, సామాను దింపుకోవాలె. గని మన రాజలింగు ఏం జేసిండు? ఇది ఆషాఢం, శూన్యమాసం, కొత్తింట్ల పాలు పొంగియ్యరాదు, శ్రావణం రాంగనే వస్తమన్నడు. పాతింటాయనను బతిమాలుకుంటే అన్ని దినాలు ఆగడా అనుకున్నడు. నీలవ్వ కొంగు చాటున గిచ్చింది. అయినా ఆయనకు సమజ్ కాలే.

పొద్దుగూకే సరికి నలుగురు పోరగాండ్లు సంచులేసుకొని వచ్చి ఆ గదిల దిగిండ్రు. వాళ్లు పాలు పొంగిచ్చుడేంది, ఛాయ గూడ బయటనే తాగుతరు. పాతింటాయనేమో ఒక్క దినం గూడ ఆగనన్నడు.

"పొంగే పాలకు నెల చూస్తివి, ఏడ్చే పిల్లకు నీడ చూడకపోతివి" అని నీలవ్వ మొగన్ని పట్టుకొని ఏడ్చింది.

నవ్వకు. రాజలింగు చెడ్డోడు కాదు, భయమున్నోడు. కానిపని చేస్తే పిల్లకు ఏమన్న అయితదేమోనని ఆయన భయం. పేదోనికి సొంతిల్లు ఉండదు గని, ఇంటి దోషాలన్ని ఆయనకే కావాలె. ఎందుకో నాకిప్పటికీ తెల్వదు.

అప్పుడు శనివారం వచ్చింది. సందు చివర అనసూయమ్మ అనే పెద్దామె ఇంటెనక గది ఖాళీగున్నదని తెలిసింది. వీళ్లు పోయే సరికి ఆమె వాకిట్ల కూసోని కొత్త కుండకు పసుపు రాస్తున్నది. తెల్లారితే బోనాలు గద. పాలు, బెల్లం ఏసి అన్నం వండి, ఆ కుండను నెత్తిన పెట్టుకొని అమ్మవారి గుడికి పోతరు, నువ్వు గూడ చూసినవు.

అనసూయమ్మ మంచామెనే. కిరాయి గూడ న్యాయంగనే చెప్పింది. గని ఆషాఢంల కొత్తగ దిగేటోళ్లను గడప తొక్కనియ్యను, శ్రావణంల రాండ్రి అన్నది. సోమవారం ఎక్కడ పండుకుంటమో రాజలింగుకు తోస్తలేదు. నీలవ్వ ఆ కుండ దిక్కు చూసుకుంట మెల్లగ అడిగింది.

"ఈ బోనం ఎవరికమ్మా?"

"ఇంకెవరికి, తల్లికే. ఆషాఢంల పుట్టింటికొస్తది గద."

"మరి ఆ తల్లిని ఎవరన్న, ఇది శూన్యమాసం, శ్రావణంల రమ్మని గడప బయట నిలబెట్టిండ్రా?"

అనసూయమ్మ చెయ్యి ఆగింది. చంటిదాని మొకం చూసింది, నీలవ్వ మొకం చూసింది. ఆ తర్వాత పసుపు చేతులతోనే లేచి ఆ గది తలుపు తీసింది. పాలు పొంగియ్యకున్రి, ముందుగాల బోనం వండున్రి, తల్లి పేరు మీద పొయ్యి ముట్టిస్తే ఏ నెలైతేంది అని చెప్పింది.

ఆదివారం ఆ గదిల మొట్టమొదట బోనం వండిండ్రు. బెల్లం వాసన సందంత పోయింది. అనసూయమ్మ ముందు నడిచింది, ఆమె ఎనక నీలవ్వ, వాళ్ల ఎనక పిల్లనెత్తుకొని రాజలింగు నడిచిండ్రు. సోమవారం పాతిల్లు కూలింది గని, ఆ చప్పుడు నీలవ్వ గుండెకు తాకలే.

ఆ తర్వాత శ్రావణం వచ్చింది. ఆగినోళ్లంత ఒక్కసారే ఇండ్ల కోసం ఎగబడ్డరు. ఒకాయన అనసూయమ్మ కాడికి వచ్చి, ఎనక గదికి రెండంతల కిరాయి ఇస్త, వాళ్లను లేపమన్నడు. బండి కాడ ఉన్న రాజలింగు ఆ మాట విన్నడు. చేతిల ఉన్న ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి, ఆమె ఏమంటదోనని చూసిండు. కిరాయింట్ల ఉండేటోనికి నిద్రల గూడ ఒక చెవు తలుపు దిక్కే ఉంటది, బిడ్డా.

అనసూయమ్మ ఆ వచ్చినాయనతోని ఒక్కటే మాటన్నది.

"ఆ గదిల పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ ఉంటున్నది నాయనా. ఆమెను ఎట్ల లేపుత?"

కథేమో కంచికి పాయె, దానికి ఆడ కిరాయి లేదు,
మనమేమో మంచమెక్కితిమి, ఇంక ముచ్చట పని లేదు.